ఎనిమిది కడ్డీల వెండి

కూలుంబులను ఆంపియర్-గంటల్లోకి మార్చాలంటే మూడు వేల ఆరు వందలతో భాగించాలి. ఆంపియర్-గంటలను కూలుంబుల్లోకి మార్చాలంటే అదే అంకెతో గుణించాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇప్పటి పిల్లలు మీరు, ఫోనును అడిగితే అదే చెప్పేస్తుంది. నాకు డిప్లొమా మొదటి ఏడాదిలోనే నేర్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు కూడా వచ్చాయి. అయినా నలభై దాటిన వయసులో, నగరి వైపు నుంచి వచ్చిన ఒక మగ్గాల అవ్వ చేత బజారంతా వినేట్టు తిట్లు తిన్నాను. అసలు ఆ తిట్లు నాకంటే ముందు నా పక్కనున్న మనిషికి పడ్డాయి. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది ఆ భాగమే. అందుకే మొత్తం చెబుతాను.

తిరుచానూరు రోడ్డులో, పూల అంగళ్లు దాటినాక ఒక సందులో మా షాపు ఉండేది. దీపాలు, పళ్లేలు, గుడి సామాన్లు తెచ్చిస్తే వెండిపూత వేసి ఇచ్చేవాళ్లం. నేను ఫోర్‌మన్‌ని. అంటే చేతులు కట్టుకుని నిలబడి, పని తెలిసినవాళ్లకు పని చెప్పేవాణ్ణి. పని తెలిసినవాడు ఒక పెద్దాయన. చంద్రగిరి అవతల పల్లె. బడి మొహం చూసింది మూడేళ్లు. షాపులో అందరికీ ఆయన మామే. ఓనరు కూడా మామా అనే పిలిచేవాడు.

పూత పని గురించి ఒక్క ముక్క చెప్పాలి, భయపడకండి. మందునీళ్ల తొట్టిలో ఒక పక్క రాగి వస్తువును, ఎదురుగా వెండి పలకలను వేలాడదీస్తాం. కరెంటు పంపితే పలకల్లోని వెండి కరిగి పోయి వస్తువు మీద పేరుకుంటుంది. ఎంత కరెంటు ఎంతసేపు పోయిందో అంత వెండి ఎక్కుతుంది. కరెంటును కాలంతో గుణిస్తే వచ్చేదే విద్యుదావేశం. ఒక ఆంపియర్ ఒక గంట పోతే నాలుగు గ్రాముల వెండి. మా షాపు గోడ మీద బొగ్గుతో రాసి ఉన్న ఏకైక వేదవాక్యం అది.

మామ మాత్రం గంటలను నమ్మేవాడు కాదు. ఆయనకు కాలం అంటే ఊదుకడ్డీ. శ్రీకాళహస్తిలో ఒకే ఇంట్లో చుట్టిన కడ్డీలు తెచ్చుకునేవాడు, అన్నీ ఒకే పొడవు, ఒకే లావు. తొట్టి పక్కన ఇసుక పోసిన కొబ్బరిచిప్పలో ఒకటి గుచ్చి, వెలిగించి, కరెంటు ముల్లును ఇరవై ఆంపియర్ల దగ్గర నిలబెట్టేవాడు. ఆ దీపానికి కడ్డీన్నర, ఈ పళ్లేనికి మూడు కడ్డీలు అని ఆయన లెక్క. గోడ గడియారం ఆయన తల మీదే ఉండేది. దాని వంక చూసిన పాపాన పోలేదు. అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఏమిటంటే, పూత నడుస్తున్నంతసేపూ ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. తిరుపతిలో మే నెల అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. పదేళ్లు ఆ తొట్టి పక్కన ఉడికిపోయి, ఈయనకు ఫ్యాను గాలి పడదేమో, వాతం మనిషేమో అనుకున్నాను. అడగడానికి నామోషీ.

ఇలా ఉండగా మా ఓనరు నా పోరు పడలేక కొత్త యంత్రం కొన్నాడు. దానికి కరెంటు ముల్లుతో పాటు ఎర్ర అంకెల మీటరు ఉంది. పోయిన విద్యుదావేశాన్ని అదే లెక్కపెట్టుకుంటుంది. మనం కావలసిన అంకె కొట్టి వదిలేస్తే, అంత పోగానే గంట కొట్టి ఆగిపోతుంది. తెచ్చిన ప్రతినిధి, మీ పని సగం సమయంలో అయిపోతుంది సార్ అన్నాడు. యంత్రంతో పాటు వచ్చిన పుస్తకం ఏ దేశపు లిపిలోనో ఉంది. బొమ్మలు చూసి అర్థమైందనుకున్నాను.

కొత్త యంత్రానికి పూజ చేయకుండా ఎట్లా? పసుపు రాశాం, నిమ్మకాయలు కట్టాం, కొబ్బరికాయ కొట్టాం. బొట్టు పెట్టే పని ఓనరు నాకే అప్పగించాడు. గంధంలో కుంకుమ కలిపి, అంకెల కింద నున్నగా ఖాళీగా కనబడిన చోట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను. భక్తి కొంచెం ఎక్కువైందేమో, అది ఎండి రాయిలా అంటుకుపోయింది. మామ దూరంగా నిలబడి దండం పెట్టి, తన కొబ్బరిచిప్పను మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంచుకున్నాడు.

ఆ వారమే ఆ ఊరివాళ్లు వచ్చారు. నగరి దగ్గర మరమగ్గాల పల్లె. గ్రామదేవత విగ్రహం వెనక నిలిపే రాగి ప్రభావళికి వెండిపూత వేయించాలి. వచ్చే మంగళవారం జాతర. అవ్వ ముందు నడుస్తోంది, ఆమె వెనక పది పన్నెండు మంది. అవ్వ కొంగులో మూట. విప్పితే అరిగిన మెట్టెలు, తెగిన పట్టీలు, ఎవరి బాల్యానివో చేతి మురుగులు. ఇంటింటికీ తిరిగి ఆమే పోగు చేసిందట. ఏ ఇంటి నుంచి ఏం వచ్చిందో నోటి లెక్కన అప్పజెప్పింది. కరిగించి మట్టి తీసేస్తే నికరంగా నాలుగు వందల గ్రాములు తేలింది.

"ఇది నా వెండి కాదు అబ్బయ్యా, ఊరి వెండి. కొసరంత తక్కవైనా నేను ఆ ఊళ్లో తలకాయ ఎత్తుకోని తిరగలేను," అన్నది అవ్వ.

మామ ఆ వెండిని పలక పోసి, తొట్టిలో మా షాపు పలకల పక్కన వేలాడదీశాడు. మా షాపు ఆచారం ఒకటుంది. పూతకు ముందు వస్తువును ఊరివాళ్ల ఎదుటే తూచుతాం, పూత తర్వాత మళ్లీ తూచుతాం. ఎంత పెరిగితే అంత వెండి ఎక్కినట్టు. ఎవరికీ అనుమానాలు ఉండవు.

నాలుగు వందల గ్రాములకు వంద ఆంపియర్-గంటలు. మీటరు మీద వంద కొట్టాను. మామ తన కడ్డీ వెలిగించాడు.

"దీనికి ఎనిమిది కడ్డీలు, పైన ఒక తుంట," అన్నాడు.

"ఇంక ఆ కడ్డీలకు రిటైర్‌మెంటు ఇచ్చేయి మామా. లెక్క ఇది చూసుకుంటుంది," అన్నాను అందరికీ వినబడేలా.

రెండు కడ్డీలు కాలిపోయాయి. మూడోది మూడో వంతు కాలిందో లేదో, యంత్రం గంట కొట్టి ఆగిపోయింది. ఓనరు మొహం వెలిగిపోయింది. ప్రతినిధి చెప్పినట్టే జరిగిందని నా భుజం తట్టాడు. మామ కడ్డీ వంక చూశాడు, తొట్టి వంక చూశాడు.

"ఇంకా ఆరు కడ్డీలు ఉండాయి కదప్పా. ముల్లు సూస్తే పాత ఇరవై కాడ్నే ఉండాది. ఇంత బిరీన ఎట్టయితాది?"

"కొత్త మిషను మామా. నీకు తెలియదులే," అన్నాను.

ఇరవై ఆంపియర్ల చొప్పున వంద ఆంపియర్-గంటలు పోవాలంటే ఐదు గంటలు పడుతుందని ఐదో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. నేను డిప్లొమావాణ్ణి కాబట్టి నాకు తట్టలేదు. గంటా ఇరవై నిమిషాలకే ఆగిపోయిన యంత్రాన్ని చూసి మురిసిపోయాను. మామ కాలగా మిగిలిన కడ్డీని ఇసుకలో ఆర్పి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ప్రభావళిని కడిగి, ఆరబెట్టి, తక్కెట్లో పెట్టాం. మిలమిల మెరుస్తోంది. అవ్వ రెండు చేతులూ జోడించింది. పెరిగిన బరువు నూట పన్నెండు గ్రాములు.

ఓనరు ఇంకోసారి తూచాడు. నూట పన్నెండే. తక్కెడ కింద ఊది, తుడిచి మూడోసారి తూచాడు. అది మొండిగా అదే మాట చెప్పింది.

అవ్వ జోడించిన చేతులు విప్పింది. "మిగతాది యాడ పోయినాది?"

ఊరివాళ్లలో ఒక కుర్రవాడు సెల్‌ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. తొట్టిలో పలకలు తూచుదామంటే అన్నీ కలిసే ఉన్నాయి, మా పలకల పాత బరువులు ఎవరూ రాసిపెట్టలేదు. వెండిని కరిగించింది ఎవరు? మామ. పలక పోసింది ఎవరు? మామ. ఆ సమయంలో అక్కడ ఇంకెవరైనా ఉన్నారా? లేరు. మిగిలింది తిట్లే.

"ఏమప్పా, తల నెరిసినాది గదా, దేవత సొమ్ముకు చెయ్యి ఎట్టొచ్చినాది నీకు?" అని అవ్వ అందుకుంది. ఆమె తిట్లన్నీ ఇక్కడ రాయలేను. రాసినా అచ్చు వేయరు. మామ ఏడు తరాలూ వరసగా వచ్చి వెళ్లాయి.

ఇంతలో ఓనరు నోరు జారాడు. మొన్ననే మామ భార్యకు కొత్త మెట్టెలు కొన్నాడే అని గొణిగాడు. అంతే, ఊరంతా మెట్టెల మీద పడింది. మెట్టెల జత మహా అయితే ఐదారు గ్రాములు తూగుతుంది. పోయినది దాదాపు మూడు వందల గ్రాములు. ఆ లెక్కన ఆ ఇల్లాలికి కాలివేళ్లు ఎన్ని ఉండాలో ఎవరూ ఆలోచించలేదు. కోపంలో ఉన్నవాళ్లకు భాగహారం రాదు. దాన్ని నేను తప్పు పట్టను, కోపం లేకుండానే నాకు రాలేదు.

మామ తన సంచి తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు. తువ్వాలు, ఊదుకడ్డీల కట్ట, అన్నం క్యారియరు. కుర్రవాడు క్యారియరు మూత తీశాడు. రాగిసంగటి ముద్ద, చెనిగవిత్తనాల ఊరిమిండి పచ్చడి. మామ నన్ను చూడటం లేదు. నేను ఆయన్ని చూడలేక కొత్త యంత్రం వైపు తిరిగాను.

చెమట ధారగా కారుతోంది. ఊరికే నిలబడలేక, చొక్కా అంచుతో యంత్రం మొహం తుడవసాగాను. చెమట తడికి ఎండిన బొట్టు నాని ఊడివచ్చింది. కింద చీమతలంత అక్షరాలు రెండు కనిపించాయి. కిలో కూలుంబులు అని చెప్పే గుర్తు అది.

వంద ఆంపియర్-గంటలు అంటే మూడు వందల అరవై కిలో కూలుంబులు. నేను కొట్టింది వంద. వంద కిలో కూలుంబులు అంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఆంపియర్-గంటలు. ఇరవై ఎనిమిది నాలుగులు నూట పన్నెండు. గ్రాము తేడా లేదు. యంత్రం అబద్ధం చెప్పలేదు. తక్కెడా చెప్పలేదు. వెండి అంతా తొట్టిలోనే, పలకల్లోనే పదిలంగా ఉంది.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. సిగ్గుపడుతూనే చెబుతాను. బొటనవేలు తీసుకెళ్లి ఆ అక్షరాల మీద పెట్టాను. బొట్టు ఉన్న చోటే, అదే రూపాయి బిళ్లంత మేర కప్పేశాను. అక్కడున్నవాళ్లలో ఆ గుర్తు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. యంత్రం పాడైందని అనవచ్చు. ప్రతినిధిని తిట్టవచ్చు. రేపు ఎలాగోలా సర్దవచ్చు. ఓనరును పోరి పోరి యంత్రం కొనిపించింది నేను, కడ్డీలకు రిటైర్‌మెంటు ఇచ్చింది నేను. ఒక్క బొటనవేలు చాలు అనిపించింది.

వెనక నుంచి ఏదో చప్పుడు అయితే తిరిగి చూశాను. కుర్రవాడు ఫోను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మామ సంగటి ముద్దను విరిచి లోపల వెండి ఉందేమోనని చూస్తున్నాడు. రెండు ముక్కలు, నాలుగు ముక్కలు. మామ తువ్వాలు మడతపెడుతున్నాడు, విప్పి మళ్లీ మడతపెడుతున్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. బొటనవేలు తీసేశాను.

"ఆపండి. తప్పు నాది. వెండి ఎక్కడికీ పోలేదు," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు, ఫోను కూడా. ఇక నేను విప్పి చెప్పడం మొదలుపెట్టాను. ఆంపియర్ అంటే ఏమిటి, ఒక ఆంపియర్ ఒక సెకను పోతే ఒక కూలుంబు ఎలా అవుతుంది, గంటకు సెకన్లు ఎన్ని, కిలో అంటే వెయ్యి. గోడ మీద బొగ్గుతో లెక్క వేసి చూపించాను. డిప్లొమాలో పూర్తి మార్కులు తెచ్చుకున్న జవాబు అది. ఊరివాళ్లు గోడను, నన్ను మార్చి మార్చి చూశారు. నా జవాబు ముగిసేసరికి, మామ ఒక్కడే కాదు నేను కూడా దొంగనే అని వాళ్లు తేల్చుకున్నట్టు కనిపించింది.

అవ్వ చెయ్యెత్తింది. "ఉండు అబ్బయ్యా. ఆ కూలుమాలు నాకు తెల్దు. ఒక మాట సెప్పు. గజాల్లో సెప్పింది నువ్వు అడుగుల్లో కోసినావు, అంతేనా?"

గజానికి మూడు అడుగులు. నా లెక్కలో మూడున్నర పైచిలుకు. పావుగంట నేను గోడంతా నల్లగా చేసి చెప్పలేకపోయినది అదే.

"అంతే అవ్వా."

"గుడ్డ మిగిలుండాదా?"

"తొట్టిలోనే ఉంది."

"మడి ఇంకేంది సూస్తా ఉండావు? మిగతాది కొయ్యి," అన్నది. ఆ తర్వాత తిట్ల దిక్కు మార్చి నా ఏడు తరాలనూ పలకరించింది. పలకరించాల్సిందే. వరస తప్పకుండా అందరినీ పలకరించింది.

ప్రభావళిని మళ్లీ కడిగి, తొట్టిలో దించాం. మూడు వందల అరవైలోంచి వంద తీసేసి రెండు వందల అరవై కొట్టాను. మామ దగ్గరికి వెళ్లాను.

"మామా, నువ్వూ వెలిగించు. నా లెక్క మీద నాకు నమ్మకం లేదు."

ఆయన కట్టలోంచి కడ్డీ తీసి, గుచ్చి, వెలిగించాడు. "ఆరు," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. డజను మంది ఊరివాళ్లు, మేం, వేడి తొట్టి. కుర్రవాడు లేచి ఫ్యాను మీట మీద చెయ్యి వేశాడు. మామ మొదటిసారి గొంతు పెంచాడు.

"ఫ్యాను ఎయ్యొద్దు! గాలికి కడ్డీ బిరీన కాలిపోతాది. లెక్క సెడిపోతాది."

పదేళ్లు! పదేళ్లు నేను ఉడికింది వాతం వల్ల కాదు. ఒక్క మాట అడిగి ఉంటే ఈయన గడియారం నిప్పు అని, దానికి గాలి పడదని తెలిసేది. నేను వెళ్లి ఫ్యాను మీట దగ్గర కాపలా నిలబడ్డాను. ఆ రోజు ఫోర్‌మన్‌గా నేను చేసిన మొదటి పనికొచ్చే పని అది.

మూడో కడ్డీకి అవ్వ తన చద్దిమూట విప్పింది. పులుసన్నం అరిటాకులో పెట్టి మామ ముందు ఉంచింది. "నీ సంగటి మేము పాడు సేసినాము. ఇది తిను," అన్నది. మామ వద్దనలేదు, సగం తిని సగం నా వైపు జరిపాడు. కుర్రవాడు అప్పటికి ఫోను జేబులో పెట్టుకుని మూల కూర్చున్నాడు.

ఆరో కడ్డీ చివరికి వచ్చింది. నిప్పు ఇసుకను తాకబోతోంది. మీటరు మీద అంకెలు తిరుగుతున్నాయి. రెండు వందల యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. కడ్డీ ఇసుకలో పడి ఆరింది. మామ లేచి, అలవాటు కొద్దీ మీట కట్టేయడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి దారిలో ఉండగానే యంత్రం గంట కొట్టింది.

పెరిగిన బరువు నాలుగు వందల రెండు గ్రాములని తక్కెడ చూపించింది.

ఓనరు కుర్చీలో కూలబడి నవ్వాడు. ఊరివాళ్లు కేకలు పెట్టారు. అవ్వ ఒక్కతే నవ్వలేదు.

"మేమిచ్చింది నాలుగు నూర్లు. ఈ రెండు గ్రాములు ఎవురివి? ఇంకొకరి సొమ్ము మా తల్లికి వద్దు."

గోడ మీద రాసింది ఉజ్జాయింపు లెక్క అని, అసలు లెక్కలో ఆంపియర్-గంటకు నాలుగు గ్రాముల కంటే రవ్వంత ఎక్కువే ఎక్కుతుందని నేను మళ్లీ బొగ్గుముక్క అందుకోబోయాను. మామ నన్ను ఆపాడు.

"అవి నా పెండ్లాం మెట్టెలనుకో అవ్వా," అన్నాడు.

అవ్వ ఆయన వైపు తిరిగింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పోయేటప్పుడు మామ రెండు చేతులూ పట్టుకుని, మంగళవారం నువ్వొచ్చి దీపం ముట్టిచ్చాలి, నీ ఇల్లాలిని కూడా పిల్చుకోని రా, అని చెప్పి వెళ్లింది. నన్ను పిలవలేదు. న్యాయమే.

ఆ సాయంత్రం షాపు మూశాక మామ, నేను టీ అంగడి దగ్గర నిలబడ్డాం. నన్ను రోజంతా తొలిచిన ప్రశ్న అడిగాను.

"మామా, పొద్దున్నే కడ్డీలు తక్కువయ్యాయని నువ్వే అన్నావు. తప్పు నాదని నీకు తెలుసు. వాళ్లు అంతలేసి మాటలంటుంటే, సంగటి విరుస్తుంటే, ఎందుకు చెప్పలేదు?"

ఆయన టీ ఊదుకున్నాడు.

"ఒకసారి సెప్పినాను కదప్పా, నువ్వు ఇనలేదు. మళ్లా అందరి ముందర నేను సెప్తే అది సాడీ అవుతాది. నువ్వు సెప్తే లెక్క అవుతాది. నువ్వు సెప్తావులే అనుకున్నా."

బొటనవేలి సంగతి ఆయనకు అప్పుడు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. ఇదిగో, మీకే మొదటిసారి చెబుతున్నాను.

మరుసటి రోజు మీటరు కింద నేనే ఒక కాగితం అంటించాను. ఇరవై ఆంపియర్ల దగ్గర ఒక కడ్డీ అంటే నలభై మూడు కిలో కూలుంబులు, పన్నెండు ఆంపియర్-గంటలు, నలభై ఎనిమిది గ్రాములు. కింద పెద్ద అక్షరాలతో, ఫ్యాను వేయరాదు అని రాశాను. నేను రిటైరయ్యే రోజు దాకా ఆ కాగితం అక్కడే ఉంది. ఆ తర్వాత ఏ యంత్రం కొన్నా బొట్టు మాత్రం వెనక వైపే పెట్టాను.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ కాళహస్తి ఇంట్లో ఇప్పటికీ కడ్డీలు చుడుతున్నారు, నేను తెప్పించుకుంటాను. ఈ నాలుగు మాటలు రాయడానికి ఐదు కడ్డీలు పట్టింది. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి ఒక కడ్డీ కాలేంతసేపు కలం కదలలేదు. బయట ఎండ మండిపోతోంది, మా ఇంటావిడ రెండుసార్లు వచ్చి ఫ్యాను వేయబోయింది. వద్దన్నాను.